తెల్లబడే క్రీము గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ ఫెయిర్‌నెస్ క్రీము గారికి,

రాజోలు బస్టాండు దగ్గర ఫ్యాన్సీ షాపు నడుపుకునే మీ పాత పరిచయస్తురాలు నమస్కారములు చేసి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం ప్రత్యేకంగా అడగనక్కర్లేదు, రోజూ టీవీలో కనబడుతూనే ఉన్నారు. ఉత్తరం రాస్తుంటే మా అబ్బాయి నవ్వాడు, క్రీముకి చదవడం వచ్చా అని. రానివారైతే మా ఊరి పిల్లల ముఖాలను అంత వివరంగా చదివి, ఇక్కడ మచ్చ, అక్కడ వలయం, మొత్తం మీద ఈ పిల్ల నలుపు అని లోకానికి వినిపించేవారా అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు.

ముందుగా మీకు చేసిన మర్యాదలు గుర్తుచేసుకోనివ్వండి. గాజుల పెట్టెలు వెనక్కి జరిపి, రిబ్బన్లు, పిన్నీసులు, జడకుచ్చులు కింది అరలోకి తోసి, గల్లాపెట్టెకి ఎదురుగా, వచ్చినవాళ్ళ కంటికి సరిగ్గా ఆనేచోట మిమ్మల్ని నిలబెట్టాను. పొద్దున్నే లక్ష్మీదేవి పటానికి వేసే సాంబ్రాణి పొగ మీకూ అందేది. మీ డబ్బాల మీద దుమ్ము పడితే గుడ్డ వెతుక్కునే ఓపిక లేక చీరకొంగుతోనే తుడిచిన రోజులున్నాయి. ట్యూబు కొనలేనివారి కోసం మీరు దయతలచి చిన్న ప్యాకెట్టుగా అవతారమెత్తితే, దండలు దండలుగా గుమ్మానికి వేలాడదీశాను. పండక్కి మామిడాకులు కట్టే మేకు అది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికీ, మాఘమాసంలో అంతర్వేది కళ్యాణానికీ పక్కన వేసే చిన్న కొట్టులో కూడా మిమ్మల్నే ముందు వరసలో కూర్చోబెట్టాను. లాభం తీసుకోలేదా అంటారేమో. తీసుకున్నానండి. గాజుల మీదా తీసుకుంటాను. గాజులు మాత్రం కొన్నవాళ్ళ చెయ్యి బాగోలేదని అనవు.

మీ వంశం గొప్పదే, కాదనను. మా నాయనమ్మ కాలంలో ముఖానికి రాసుకునే తెల్లటిది ఏదైనా ‘స్నో’నే. ఆ స్నోలలో పేరుమోసినది అఫ్గాన్ స్నో. 1919లో బొంబాయిలో పటన్‌వాలా గారు తయారుచేశారు. అఫ్గానిస్తాన్ రాజుగారు సీసా మూత తీసి, మా దేశపు మంచు గుర్తొస్తోందని అన్నారట, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. స్నో రాసుకుంటే ముఖం కాసేపు చల్లగా ఉండేది, వాసన బాగుండేది, పైన పౌడరు అద్దితే పెళ్ళి భోజనాలయ్యేదాకా నిలిచేది. నాయనమ్మ నలుపు. స్నో రాసుకున్నాకా నలుపే. స్నో ఆవిడని ఒక్క మాట అనలేదు.

తరవాత 1975లో హిందుస్థాన్ లీవర్ వారు ఫెయిర్ అండ్ లవ్లీని దింపారు. అప్పటినుంచి మీ కులమంతా ఆ పేరుతోనే చలామణీ అయింది. ఏ కంపెనీ సరుకు కావాలన్నా మా వాళ్ళు ‘ఫెయిర్ లవ్లీ ఇవ్వండి’ అనే అడుగుతారు. అందుచేత నేనిక్కడ ఒకరినుద్దేశించి కాదు, ఇంటిల్లిపాదినీ ఉద్దేశించే రాస్తున్నాను. ఎవరి వాటా వారు పంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతి.

మీరు రాకముందు మేం నలుపుని నెత్తిన పెట్టుకుని ఊరేగించామని బుకాయించను. కడుపుతో ఉన్నప్పుడే కుంకుమపువ్వు పాలు తాగించేవాళ్ళం. పురిటిగదిలో పిల్ల చెవి అంచు చూసి అసలు రంగు తేల్చేవాళ్ళం. సున్నిపిండితో నలుగు పెట్టి, పాపం పసిదాని తోలు కందేదాకా రుద్దేవాళ్ళం. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు జంతికలు తిని, కాఫీ తాగి, పిల్ల రంగు కొంచెం తక్కువని మధ్యవర్తి చేత కబురు పెట్టేవారు. ఆ పాడుబుద్ధి మాదే. మీరు పైనుంచి తెచ్చి మా ఇంట్లో పెట్టింది కాదు.

అయితే అప్పట్లో రంగు పుట్టుకతో వచ్చేది. దానికి ఎవరూ పూచీ కాదు. నల్లగా పుట్టిన పిల్లని వాళ్ళ నాన్న పోలికనో, మేనత్త చాయనో సరిపెట్టుకునేవారు. పిల్ల మరీ చిన్నబుచ్చుకుంటే ‘నలుపు నారాయణ మెచ్చు’ అని ఓ సామెత చేతిలో పెట్టి ఊరుకోబెట్టేవారు. జాలిపడేవారు, వంక పెట్టేవారు, కట్నం పెంచేవారు కూడా. కానీ ‘నలుపు తగ్గడానికి నువ్వేం చేస్తున్నావు?’ అని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మీరొచ్చి గడువు పెట్టారు. నాలుగు వారాలన్నారు. డబ్బా మీద ఒకే పిల్ల ముఖాన్ని వరసగా పేర్చి, ఎడమ చివర నల్లగా, కుడి చివర తెల్లగా, మధ్యలో మెట్లుమెట్లుగా చూపించారు. మెట్లున్నాక ఎక్కనివాళ్ళది బద్ధకమవుతుంది కదండీ. దేవుడిచ్చిందన్న రంగు ఆ రోజునుంచి పిల్ల అశ్రద్ధ కిందికి మారిపోయింది.

ఇది నేను పుస్తకాల్లో చదివింది కాదు, గల్లాపెట్టె వెనక కూర్చుని చూస్తున్నది. పండక్కి గాజుల కోసం తల్లీ కూతుళ్ళు వస్తారు. తల్లి మీ ట్యూబు చేతిలోకి తీసుకుని, కూతురి వంక ఓ చూపు చూసి, నాతో అంటుంది: “పోయిన నెలా తీసుకెళ్ళానండి. రాసుకుంటే కదా!” ఆ పిల్ల ఇంటరు చదువుతూ ఉంటుంది. మార్కులు బాగానే వస్తుంటాయి. ఆ పిల్ల రాసుకుంటున్నాననీ అనదు, రాసుకోవడం లేదనీ అనదు. రాసుకుంటున్నానంటే మరి ఫలితమేదీ అంటారు. లేదంటే ఎందుకు రాసుకోవంటారు. రెండింట్లో ఏది చెప్పినా తప్పు తనదే అవుతుందని దానికి తెలుసు. అందుకని తలొంచుకుని జడకి రబ్బరుబ్యాండ్లు ఏరుకుంటూ నిలబడుతుంది. నేను అడగని ధర చెప్పి, మాట మళ్ళించి, గాజుల డజను కొలతలు తీస్తాను.

మందు పనిచేయకపోతే డాక్టరుని తిడతాం. ఎరువు పనిచేయకపోతే కొట్టువాడిని నలుగురిలో నిలదీస్తాం. గాజు చిట్లితే మారుగాజు ఇవ్వమంటారు, కాటుక చెదిరితే డబ్బా తెచ్చి నా బల్ల మీద గిరాటేస్తారు. ఇన్నేళ్ళలో మీ ఖాళీ ట్యూబు పట్టుకొచ్చి ‘మా పిల్ల తెల్లబడలేదు, డబ్బులు తిరిగి ఇవ్వండి’ అన్న మనిషి ఒక్కరు లేరండి. తాను పనిచేయకపోతే వాడినవాళ్ళే సిగ్గుపడే సరుకు మరొకటి నా షాపులో లేదు. వ్యాపారస్తురాలిగా మీకు దండం పెడతాను. ఆడదానిగా పెట్టలేను.

పనితనం మాటెత్తాం కాబట్టి అదీ చెప్పుకుందాం. ఫెయిర్ అండ్ లవ్లీలో అసలు సరుకు నియాసినమైడు, అంటే బి3 విటమిను. దానికి 1971లోనే పేటెంటు తీసుకున్నారు. చర్మం అడుగున రంగు తయారుచేసే కణాలుంటాయి. అవి ఆ రంగు రేణువుల్ని పైపొరల కణాలకు అందిస్తుంటాయి. ఈ విటమిను ఆ అందించడాన్ని కాస్త నెమ్మది చేస్తుంది. కాస్తంటే కాస్తే. రాయడం మానితే కణాలు మళ్ళీ తమ పని తాము చూసుకుంటాయి. మీలో కొందరు టైటానియం డయాక్సైడు కూడా కలుపుతారు. గోడల పెయింట్లలో తెలుపు కోసం వాడే పదార్థమే అది. రాసిన నిమిషంలో అద్దంలో కనిపించే తెలుపులో దాని చెయ్యి ఉంది. ఇందులో అబద్ధమేమీ లేదు, విషమూ లేదు. అబద్ధమంతా డబ్బా మీది ఆ మెట్లలోనే ఉండేది.

పైగా మా వాతావరణం సంగతి మీరెప్పుడూ పట్టించుకోలేదు. రొయ్యల షెడ్డుకి పనికి వెళ్ళే పిల్లలు పొద్దున్నే వచ్చి ఒక్క ప్యాకెట్టు తీసుకుంటారు. సగం ఇవాళ్టికి, మిగతా సగం మడతపెట్టి బ్లౌజులో దాచి రేపటికి. పైన పౌడరు. సముద్రపుగాలి ఉక్కకి పదిగంటలు కాకముందే చెమట పట్టి, చెవుల పక్కనుంచి మెడ మీదికి తెల్లటి చారలు దిగుతాయి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు, చేతులు అసలు రంగు. అయినా ఆ పిల్లలు మానరు, ఎందుకంటే షెడ్డులో రొయ్యలు ఒలిచేటప్పుడు కాదుగానీ, బస్సు దిగి ఇంటికి నడిచే ఆ కాస్త దూరంలో ఎవరైనా చూస్తారు. ఎండలో వంగి నాట్లేసే ఆడవాళ్ళకి ఆ నలుపొక్కటే కాపలా. చర్మం తనని తాను కాపాడుకోవడానికి తెచ్చుకున్న రంగుని మీరు ‘ట్యాన్’ అని పేరుపెట్టి తీసేయమన్నారు. తీసేసి ఏ నీడన కూర్చోవాలో చెప్పలేదు.

ఇక మీరు చెప్పే కథలు. 2003 ప్రాంతంలో ఒకటి చెప్పారు. కొడుకు ఉండుంటే ఎంత బాగుండేదని ఓ తండ్రి నిట్టూరుస్తాడు. నల్లగా ఉన్న కూతురు వింటుంది. మిమ్మల్ని రాసుకుంటుంది. తెల్లబడుతుంది. ఎయిర్‌హోస్టెస్ అవుతుంది. ఇల్లు గట్టెక్కుతుంది. ఆ పిల్ల ఏం చదివిందో, ఏం మాట్లాడుతుందో మీ కథలో ఎవరూ అడగరు. మహిళా సంఘం ఐద్వా వాళ్ళు మానవహక్కుల కమిషన్ దాకా వెళ్ళి గొడవ చేశాక ఆ ప్రకటన ఆగింది. ముచ్చటేమిటంటే, ఆడపిల్లల చదువుకి స్కాలర్‌షిప్పులిచ్చే ఫౌండేషను కూడా ఫెయిర్ అండ్ లవ్లీ పేరు మీద అదే 2003లో వెలిసింది. ఓ చేత్తో చెంప మీద కొట్టి, ఇంకో చేత్తో పలకా బలపం ఇచ్చారన్నమాట. పలక తీసుకున్న పిల్లలు బాగా చదువుకునే ఉంటారు, ఆ పుణ్యం కాదనను.

2014లో ప్రకటనల మండలి, ఏఎస్‌సీఐ, కళ్ళు తెరిచి నియమాలు రాసింది. నల్లగా ఉన్నవారిని అందవిహీనులుగా, దిగులు ముఖాలతో, పెళ్ళికీ ఉద్యోగానికీ ప్రమోషనుకీ పనికిరానివారుగా చూపకూడదని. ఇన్నేళ్ళూ మీరేం చూపించారో తెలుసుకోవాలంటే మీ ప్రకటనలు వెతకనక్కర్లేదు, ఆ నియమాలు చదివితే చాలు.

మగపిల్లల విషయంలో మీకు కొంత రుణపడి ఉన్నాం. పూర్వం కుర్రాళ్ళు వచ్చి గొంతు తగ్గించి ‘మా చెల్లికండీ’ అని కొనేవారు. చెల్లెళ్ళు లేని ఇళ్ళ కుర్రాళ్ళు కూడాను. 2005లో ఇమామీ వారు మగవారికని ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చారు, షారూఖ్ ఖాన్ గారు దానికి ప్రచారం చేశారు. మా కుర్రాళ్ళకి చెల్లెళ్ళ అవసరం తీరిపోయింది. ఆడామగా సమానత్వం మా వీధికి ఈ దారినే ముందుగా వచ్చింది.

పెళ్ళి సంబంధాల కాగితాలు చూశారా? మా షాపు పక్కనే జిరాక్సు సెంటరు, అక్కడ కాపీలు తీయించుకునేవాళ్ళు మా అరుగు మీదే కూర్చుంటారు. చదువు, ఉద్యోగం, ఎత్తు, నక్షత్రం, తరవాత రంగు. చామనఛాయ అనే చక్కటి మాట ఒకటుండేది. ఇప్పుడు కోనసీమ మొత్తం వెతికినా కాగితం మీద చామనఛాయ పిల్ల ఒక్కర్తీ లేదు. అందరూ ఫెయిరే. మరీ అబద్ధమాడలేని మొహమాటస్తులు ‘వీటిష్’ అని రాస్తారు. వరి తప్ప గోధుమ పండని నేల మాది. 2020 జూన్‌లో షాదీ డాట్ కామ్ వారు రంగుని బట్టి ఏరుకునే సదుపాయం తీసేశారని పేపర్లో వేశారు. సంతోషం. మా అరుగు మీద మాత్రం ఆ సదుపాయం ఇంకా పనిచేస్తోంది, కరెంటు కూడా అక్కర్లేదు.

మీ దూరపు చుట్టాల గురించి రెండు మాటలు, ఎందుకంటే వాళ్ళు మీ ఇంటిపేరు చెప్పుకునే మా ఇళ్ళలోకి వచ్చారు. కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన మా ఆడవాళ్ళు సెలవుకి వస్తూ సబ్బులు, సెంట్లతో పాటు చిన్న చిన్న డబ్బాలు తెస్తారు. ఏ దేశంలో తయారైందో, లోపల ఏముందో వాటి మీద తిన్నగా రాసుండదు. ఇలా ఊరూ పేరూ తెలియకుండా తిరిగే రకాల్లో కొన్నిటిలో పాదరసం ఉంటుంది. అది చర్మంలోంచి ఒంట్లోకి దిగి కిడ్నీలని పట్టుకుంటుంది. 2023లో కేరళలోని మలప్పురంలో డాక్టర్లు ఇలాంటి క్రీములు రాసి కిడ్నీ జబ్బు తెచ్చుకున్నవాళ్ళని గుర్తించారు. ఇంకో చుట్టం స్టెరాయిడ్ ట్యూబు. దురదకీ ఎగ్జిమాకీ డాక్టర్లు రాసేది. ముఖానికి రాస్తే మొదట్లో అద్భుతంగా ఉంటుంది. ఆ తరవాత తోలు పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, ఎండ తగిలితే మంట, మానేస్తే మొటిమలు, అందుకని మానలేరు. 2018లో వీటికి డాక్టరు చీటీ తప్పనిసరి చేశారు. చీటీ అడిగే ఓపిక ఎవరికుందండీ. మొన్నామధ్య ఒకావిడ బుగ్గలు కందిపోయి వచ్చి, నీ దగ్గర కొన్నదే అని నన్ను వీధంతా వినేలా దులిపేసింది. ఆవిడ చేతిలో ఉన్నది నేనెన్నడూ అమ్మని ట్యూబు. మీవల్ల మొదలైన తొందరకి, మీ చుట్టాలు చేసిన పనికి, చీవాట్లు నాకు.

అన్నిటికంటే నాకు వింతనిపించింది మీ నామకరణం. 2020 ఫిబ్రవరిలో కేంద్రం ఓ ముసాయిదా చట్టం బయటపెట్టింది. తెల్లబరుస్తామని ప్రకటనలిస్తే నేరమని, రెండోసారి దొరికితే అయిదేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా అని అందులో ప్రతిపాదించారు. మేలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి హత్య జరిగి లోకమంతా వీధుల్లోకి వచ్చింది. జూన్ 25న ఫెయిర్ అండ్ లవ్లీ వారు పేరులోంచి ‘ఫెయిర్’ తీసేస్తామన్నారు. కొన్నాళ్ళకే గ్లో అండ్ లవ్లీ అయ్యారు. డబ్బా మీది రెండు ముఖాలనీ, మెట్లనీ 2019లోనే తీసేశారు లెండి. ఇమామీ వారి మగక్రీము 2025లో స్మార్ట్ అండ్ హ్యాండ్సమ్ అయింది. బాగుంది. నలభై అయిదేళ్ళు రాజోలు మాట వినపడని మీకు మినియాపొలిస్ మాట ఒక్క నెలలో వినపడింది. మా మీదనుంచి వచ్చే లాభం మాత్రం అప్పుడూ ఇప్పుడూ బాగానే వినపడుతోంది.

పేరు మారినా మా వాళ్ళు పాత పేరుతోనే అడుగుతున్నారని మీకు చెప్పాలి. నేను కొత్త డబ్బా తీసిస్తే, “ఇది కాదండీ, తెల్లబడేది” అంటారు. ఇదే అది అని చెప్పాల్సి వస్తోంది. మీ తరఫున ఆ సాక్ష్యం చెప్పడానికి నాకేమీ ముట్టడం లేదు.

మీ పక్షం మాట్లాడుతూ మా చెల్లెలి మొగుడు ఒకటన్నాడు. క్రీములదేముందండీ, సినిమాలు చూడండి, దేవుళ్ళని చూడండి అని. అదీ నిజమే. పోతన గారి గోపికలు కృష్ణుణ్ణి వెతుకుతూ ఆనవాళ్ళు చెప్పేటప్పుడు మొట్టమొదట చెప్పింది ఆయన నలుపే. దొంగని పట్టుకోవడానికి అది గుర్తు, దాచుకోవాల్సిన లోపం కాదు. ఆ దేవుణ్ణే క్యాలెండర్ల వాళ్ళు, సినిమాల వాళ్ళు నీలంగా చూపిస్తారు. నలుపు పూయడానికి మాత్రం ఎవరికీ చెయ్యి రాలేదు. మా సినిమాల్లో పల్లెటూరి పిల్ల వేషమంటే ఎక్కడినుంచో తెల్లటి అమ్మాయిని పిలిపించి, ఒళ్ళంతా గోధుమరంగు పూసి, తలకి నూనె రాస్తారు. ఆ రంగులో పుట్టి, ఆ భాష మాట్లాడే పిల్లలు మా షాపులో మిమ్మల్ని కొనుక్కుంటూ ఉంటారు. 2013లో విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం పెట్టుకుంటే, ఇంత నలుపు పిల్ల మన దేశంలో అయితే గెలిచేది కాదని మనవాళ్ళే రాసుకున్నారు. అక్కడ కొందరు ఆ అమ్మాయిని అమెరికన్‌వే కాదని తిట్టారు, ఇక్కడ రంగు సరిపోదన్నారు. రెండు దేశాల మర్యాదా ఒక్క పిల్లకి దక్కింది.

నటి సాయిపల్లవి గారి సంగతి మీకు బాగా గుర్తుండాలి. ‘ఫిదా’ సినిమాతో మా ఇళ్ళలో పిల్ల అయిపోయాక, మీ కులంవారొకరు ఆవిడని ప్రకటనకి అడిగారు. రెండు కోట్ల బేరమని పత్రికలు రాశాయి. ఆవిడ వద్దన్నారు. ముఖాన మొటిమల మచ్చలతోనే తెర మీద కనబడ్డారు. ఆ సినిమా ఆడిన రోజుల్లో మా షాపుకొచ్చిన పిల్లలు కొందరు మిమ్మల్ని వదిలి చెవులకి బుట్టలడిగారు. 2020లో వచ్చిన ‘కలర్ ఫోటో’ అనే సినిమా మచిలీపట్నం కుర్రాడి నలుపు కథే. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రమైంది. అంటే కథలు చెప్పడం ఒక్క మీకే రాదన్నమాట.

చివరగా ఓ కొత్త సంగతి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇందులో మీకూ నష్టముంది. ఇదివరకు పిల్లలు సినిమాతార బొమ్మ చూపించి, ఇలా అవ్వాలంటే ఏది రాయాలని అడిగేవారు. కాదమ్మా, ఆవిడ పుట్టుక వేరు, లైట్లు వేరు అని చెప్పేదాన్ని. ఈమధ్య డిగ్రీ చదివే పిల్ల ఒకర్తి ఫోను తీసి ఓ ఫోటో చూపించింది. పాలుగారే ముఖం, గడ్డం సన్నగా, కళ్ళు పెద్దవి. ఎవరమ్మా అన్నాను. “నేనేనండి” అంది. ఫోనులోని కెమెరా తనకి తానే తెల్లబరిచేసి, మచ్చలు తుడిచేసి తీసిన ఫోటో. ఆ పిల్లకి ఆ ఫోటోలోని రంగు కావాలట. ఎవరిలాగో కాదు, తనలాగే ఉండాలట. ఏం చెప్పను? ఆవిడ పుట్టుక వేరు అనడానికి లేదు. లైట్లు వేరు అనడానికీ లేదు, నా షాపు ట్యూబులైటు కిందే మళ్ళీ ఓ ఫోటో తీసుకుని చూపించింది. అందులోనూ తెల్లగానే ఉంది. విదేశాల్లో ఇలా తమ ఫిల్టరు ఫోటో పట్టుకుని ప్లాస్టిక్ సర్జన్ల దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారని, 2018 నాటికే దానికి ‘స్నాప్‌చాట్ డిస్‌మార్ఫియా’ అని పేరు పెట్టారని ఆ మధ్య చదివాను. మా ఊళ్ళో సర్జన్లు లేరు కాబట్టి నా దగ్గరికి వస్తున్నారు.

మీరు నాలుగు వారాలడిగారు. ఆ ఫోను కెమెరా రెప్పపాటులో చేస్తోంది, డబ్బూ అడగడం లేదు. మీరు కనీసం పక్కింటి పిల్లతో పోల్చారు, టీవీలో పిల్లతో పోల్చారు. పోల్చినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి అవకాశముండేది. ఇది ఆ పిల్లనే ఆ పిల్లతో పోల్చి ఓడిస్తోంది. కోపం ఎవరి మీద తెచ్చుకుంటుంది? ఈ విద్యకి అక్షరాభ్యాసం మీ డబ్బా మీది ఆ ముఖాల వరసే చేసిందని నా అనుమానం. మీ పేరు చెప్పుకోకుండానే ఆ బిడ్డ మిమ్మల్ని మించిపోయింది. మీ బేరం తగ్గితే నన్ను అనకండి.

కనుక ఇకపై మన మధ్య ఏర్పాట్లు ఇలా ఉంటాయి. గల్లాపెట్టె ఎదురుగా గాజులు వస్తాయి. మీరు లోపలి అరలో, తలనూనెల వెనక ఉంటారు. అడిగినవారికి ఇస్తాను, అడగనివారికి చూపించను. గుమ్మానికి ప్యాకెట్ల దండలు కట్టను. ‘ఎన్నాళ్ళకి తెల్లబడతారండీ’ అని అడిగితే నాకు తెలియదంటాను, ఎందుకంటే నిజంగానే తెలియదు. తల్లులు నా ఎదురుగా పిల్లల్ని ‘రాసుకుంటే కదా’ అంటే, ఆ పూట మీ సరుకు అయిపోయిందని చెబుతాను. అబద్ధమే. మీ దగ్గర నేర్చుకున్నదే.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ సరుకు అమ్మి, రుచి చూసి, విసిగిన
ఫ్యాన్సీ షాపు ఓనరు,
రాజోలు.

తా.క.: ఈ ఉత్తరం మడతపెడుతుండగానే సేల్స్ కుర్రాడు వచ్చాడు. చంకలు తెల్లబరిచే రకం వచ్చిందట, ఆడవాళ్ళు పండక్కి జాకెట్లు కుట్టించుకునేలోపు అరలో పెట్టమన్నాడు. చంకలు ఎవరు చూస్తారయ్యా అంటే, చూసేదాకా తీసుకొచ్చే పూచీ కంపెనీదేనండి అన్నాడు. పది కొంటే ఒకటి ఉచితమట. డబ్బా బల్ల మీద పెట్టేసి, వచ్చేవారం బిల్లుకి వస్తానని మోటారుసైకిలెక్కాడు. డబ్బా విప్పలేదు. బిల్లు కట్టేది లేదు. వచ్చి పట్టుకెళ్ళమని ఫోను చేశాను, ఎత్తడం లేదు. మీరైనా కాస్త చెప్పండి.